వాగు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ "దొరకలేదు" అని వచ్చింది. నమ్మొచ్చా?

ఇసకవాగు_గట్టు

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టుకి పటాన్‌చెరు దిగువన నక్కవాగులో మందుల అవశేషాలు చూద్దామని తీసుకున్నాను. మా మేనమామ వాళ్ల పొలం ఆ వాగు పక్కనే కాబట్టి నీళ్లు పట్టుకురావడం తేలిక. ఊళ్లో ఎవర్నడిగినా "గవి మందుల నీళ్లే" అంటారు. ఇక్కడి నీళ్ల మీద 2007లో స్వీడన్ వాళ్లు వేసిన పేపర్ చదివి, సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టాను.

నేను చేసింది చెప్తాను. అర లీటరు నీళ్లు మామూలు పారదర్శకపు సీసాలో తెచ్చి, మర్నాడు గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌తో వడకట్టాను. నీళ్లలోని మందుల్ని పట్టి ఉంచే హెచ్‌ఎల్‌బీ కార్ట్రిడ్జ్ మీద ఎక్కించి, మెథనాల్‌తో దించి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, ఒక ఎంఎల్‌లో కరిగించి ట్రిపుల్ క్వాడ్‌లో (అణువుల్ని బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ మెషీన్) ఇంజెక్ట్ చేశాను. ట్రాన్సిషన్ (మందు అయాన్ బరువు నుంచి అది విరిగిన ముక్క బరువుకి) 332 నుంచి 314. క్యాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో కొలత గీత గీయడం) మాత్రం ఉత్త మెథనాల్-నీళ్ల మిశ్రమంలో చేశాను. గీత చక్కగా వచ్చింది, ఆర్ స్క్వేర్ 0.999. దాని ప్రకారం నా ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగల కనీస మోతాదు) లీటరు నీటికి 10 నానోగ్రాములు.

వాగు నీళ్లలో పీకే (గ్రాఫ్‌లో మందుని చూపే శిఖరం) లేదు. గైడ్ సార్ చూసి "ఎన్‌డీ (నాట్ డిటెక్టెడ్) అని రాసెయ్యమ్మా, మంచి వార్తే కదా" అన్నారు. నాకు మనసొప్పలేదు. అవే నీళ్లలో కావాలని కొంచెం సిప్రో కలిపి మొత్తం మళ్లీ మొదట్నుంచీ చేశాను. స్టాండర్డ్ లెక్కన 48,000 పీక్ ఏరియా రావాల్సిన చోట 3,900 వచ్చింది. మూడుసార్లు ఇంజెక్ట్ చేసినా అటూ ఇటుగా అంతే. మెషీన్ బాగానే ఉంది, పక్కన వేరేవాళ్ల శాంపిళ్లు శుభ్రంగా నడుస్తున్నాయి.

ఇప్పుడు నా మొదటి ఎన్‌డీని ఏమనుకోవాలి? నీళ్లలో లేనట్టా, నాకు కనపడనట్టా?

పీక్_కింద_గీత

అమ్మాయ్, ఎవరూ చెప్పకుండా స్పైక్ చేసి (తెలిసినంత మందు కలిపి) చూశావు చూడు, దానికే సగం మార్కులు ఇచ్చేయొచ్చు. నేను హైదరాబాద్‌లో ఒక సీఆర్‌ఓలో (మందుల కంపెనీల తరఫున పరీక్షలు చేసే సంస్థ) ప్లాస్మా శాంపిళ్లతో మొదలుపెట్టి ఇప్పుడు నీళ్లు, మట్టి మీద పనిచేస్తున్నాను. "పీక్ లేదు కాబట్టి మందు లేదు" అని రాసిన రిపోర్టులు నా బల్ల మీదికి ఎన్నొచ్చాయో చెప్పలేను.

ముందు నీ అంకెలతోనే లెక్క వేద్దాం. 48,000లో 3,900 అంటే నూటికి 8. మెథనాల్లో లీటరుకు 10 నానోగ్రాములు పట్టే నీ పద్ధతికి వాగు నీళ్లలో అదే సిగ్నల్ రావాలంటే 120 పైచిలుకు ఉండాలి. బ్యాక్టీరియాలో నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీళ్లలో సిప్రో ఎంతకు మించకూడదు అని పరిశోధకులు కట్టిన లెక్క లీటరుకు 64 నానోగ్రాములు. అంటే మీ వాగులో 64 ఉన్నా, 100 ఉన్నా నీ మెషీన్ లేదనే అంటుంది. మీ సార్ మంచి వార్త అన్నారు గానీ, అసలు అక్కడ వార్తే లేదు.

మిగతా 92 వంతులు ఎక్కడ పోయాయన్నది అసలు ప్రశ్న. పోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి, కార్ట్రిడ్జ్ దగ్గర: మందు దాని మీద నిలవకుండా నీళ్లతో పాటే కారిపోయి ఉండొచ్చు, లేదా నిలిచి దిగకుండా ఉండిపోయి ఉండొచ్చు. రెండోది మెషీన్ మూతి దగ్గర: మందు వచ్చింది, కానీ దానికి ఛార్జి దక్కలేదు. శాంపిల్‌ని ఛార్జి ఉన్న తుంపరగా మార్చే ఎలక్ట్రోస్ప్రేలో ఆ తుంపర మీద ఉండే ఛార్జి పరిమితం. సంక్రాంతికి ఊరెళ్లే ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫులేసి సీట్లు ఆపేసినట్టు, ఉప్పులు, సబ్బు నురగ, ఆకు కుళ్లిన హ్యూమిక్ పదార్థాలు ముందే ఎక్కి కూర్చుంటాయి. సిప్రో నిలబడే ఉంటుంది, మెషీన్ లోపలి క్వాడ్రుపోల్‌లోకి పోదు.

ఈ రెండింటినీ విడదీయకుండా ఏ మార్పు చేసినా గుడ్డి దెబ్బే. కాబట్టి రేపు ఈ పని చెయ్యి. వాగు నీళ్లను ఏమీ కలపకుండా ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఆఖర్న, అంటే ఆరబెట్టి కరిగించాక, అప్పుడు సిప్రో కలుపు. దాన్ని ఉత్త స్టాండర్డ్‌తో పోల్చు. అక్కడా నూటికి పదో పన్నెండో వస్తే దొంగ మెషీన్ మూతి దగ్గర ఉన్నాడు. అక్కడ 90 వచ్చి, ముందే కలిపినదాంట్లో 8 వస్తే దొంగ కార్ట్రిడ్జ్ దగ్గర ఉన్నాడు. నా అంచనా, ఇద్దరూ ఉన్నారు.

కార్ట్రిడ్జ్ దొంగ గురించి: సిప్రోకి లోహాలంటే ప్రాణం. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కనిపిస్తే పట్టుకుని కూర్చుంటుంది. ఆ ప్రాంతపు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) ఎంతో నీకు తెలిసే ఉంటుంది. ఎక్కించే ముందు, లోహాల్ని తనే పట్టేసుకునే ఈడీటీఏ కలిపావా? నువ్వు రాసినదాంట్లో కనపడలేదు. అర లీటరుకు దాదాపు అర గ్రాము సోడియం ఈడీటీఏ వేసి, పీహెచ్ 2 దగ్గరికి దించి, అప్పుడు ఎక్కించు. ఎక్కించాక కార్ట్రిడ్జ్‌ని శుభ్రమైన నీళ్లతో బాగా కడుగు. కడక్కపోతే ఆ ఈడీటీఏ మెషీన్ దాకా వచ్చి మూతి దగ్గర, అంటే సోర్స్‌లో, తెల్లగా పేరుకుని ఇంకో కర్చీఫ్ వేస్తుంది.

సీసా సంగతి కూడా. సిప్రో లాంటి ఫ్లోరోక్వినలోన్‌లు ఎండకి విరిగిపోతాయి. గోధుమరంగు సీసా లేకపోతే అల్యూమినియం ఫాయిల్ చుట్టు, ఐసులో పెట్టుకురా.

ఇంకొకటి. 332 నుంచి 314 అంటే ఒక నీటి అణువు ఊడిపోవడం. అలా నీరు వదిలేవి ఆ మురికిలో చాలా ఉంటాయి. 332 నుంచి 288, 332 నుంచి 245 కూడా పెట్టు. రెండు ట్రాన్సిషన్‌ల నిష్పత్తి స్టాండర్డ్‌లో ఎంత ఉందో శాంపిల్‌లోనూ దాదాపు అంతే ఉండాలి. ఒక్క ట్రాన్సిషన్‌తో దొరికిందన్నా నేను నమ్మను.

ఆర్‌స్క్వేర్_రాజా

ఇంత గొడవ దేనికండీ? సిప్రో డీ8 ఐసోటోప్ (బరువైన హైడ్రోజన్ ఉన్న సిప్రో) తెలిసినంత కలిపి ఇంటర్నల్ స్టాండర్డ్‌గా వేసేస్తే సరిపోదా? అసలుది ఎంత తగ్గితే అదీ అంతే తగ్గుతుంది, నిష్పత్తి మారదు. మా ఫార్మా ల్యాబ్‌లో అదే చేస్తాం, ఎవడూ ఇన్ని తిప్పలు పడడు.

పీక్_కింద_గీత

రాజా గారూ, డీ8 వెయ్యమనే నేనూ చెప్తాను. కానీ అది అంకెను సరిచేస్తుంది, చూపును కాదు. నూటికి 92 వంతులు పోయాక అసలు పీక్ నాయిస్‌లో కలిసిపోతే, డీ8 పక్కన ఎంత అందంగా నిలబడినా భాగించడానికి పైన ఏమీ ఉండదు. సున్నాని దేంతో భాగించినా సున్నాయే. డీ8 తగ్గిపోవడం చూసి "ఇక్కడ సిగ్నల్ అణచివేత ఉంది" అని తెలుసుకోవచ్చు, అది పెద్ద మేలే. చాలామంది ఇంటర్నల్ స్టాండర్డ్ ఏరియా కాలమ్ వంక తలెత్తి కూడా చూడరు, నిష్పత్తి చూసి సంతకం పెట్టేస్తారు.

మీ ఫార్మా ల్యాబ్‌లో తిప్పలు లేకపోవడానికి కారణం వేరే ఉంది. ప్లాస్మా అంటే మనకు తెలిసిన శత్రువు. అందులో ఛార్జి ఎగరేసుకుపోయేవి ముఖ్యంగా ఫాస్ఫోలిపిడ్‌లు. వాటి కోసం 184 నుంచి 184 అని ఒక ట్రాన్సిషన్ పెట్టుకుంటే ఎప్పుడు బయటికొస్తున్నాయో కనపడుతుంది, మన మందు ఆ సమయానికి రాకుండా గ్రేడియంట్ (కాలమ్‌లో పారే ద్రావకాల పాళ్లు మారే తీరు) జరుపుకుంటాం. ఇలాంటి పరీక్షల అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఎం10 ప్రకారం మ్యాట్రిక్స్ ఎఫెక్ట్‌ని (శాంపిల్‌లోని మిగతా పదార్థాల ప్రభావం) కనీసం ఆరు వేర్వేరు లాట్‌ల ప్లాస్మాలో చూడాలి. వాగుకు లాట్ నంబరేది? వానాకాలం వాగు వేరు, మే నెల వాగు వేరు. ఏ కంపెనీ ఏ పూట ఏం వదిలిందో దాన్ని బట్టి పొద్దుటి నీళ్లు వేరు, అర్ధరాత్రి నీళ్లు వేరు.

ప్లాస్మాలో ఇంకో సుఖం ఏంటంటే ఎంత ఉండాలో ముందే తెలుసు. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర వేసుకున్నవాడి రక్తంలో గరిష్ఠంగా లీటరుకు 2.4 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. దాని చుట్టూ క్యాలిబ్రేషన్ కట్టుకుంటాం. అమ్మాయి చదివిన ఆ 2007 పేపర్లో, 90 దాకా మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో సిప్రో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కంటే పది రెట్లకు పైన! రోజుకు సుమారు 45 కిలోల సిప్రో అన్నమాట, అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అని వాళ్లే లెక్కగట్టారు. ఆ నీళ్లకు కార్ట్రిడ్జ్ ఎందుకు, వెయ్యి రెట్లు పలచన చేసి ఇంజెక్ట్ చేస్తే చాలు. లేకపోతే డిటెక్టర్ నిండిపోయి అక్కడా తప్పుడు అంకే వస్తుంది, ఆ తర్వాత వేసిన, మందు లేని బ్లాంక్‌లో కూడా సిప్రో కనిపిస్తుంది.

ఇసకవాగు అమ్మాయీ, ఇది నీకు కూడా. ఆ 31 అప్పటి శుద్ధి కేంద్రం గొట్టం దగ్గరిది. తర్వాత ఆ నీళ్లను పైప్‌లైన్‌లో అంబర్‌పేట వైపు మళ్లించారు. కాబట్టి మీ వాగులో ఇప్పుడు ఆ అంకె వస్తుందని ఆశపడకు. 2009లో వేసిన పేపర్ కోసం అదే బృందం చుట్టుపక్కల చెరువులు, బావులు చూసింది. ఒక చెరువులో సిప్రో లీటరుకు 6.5 మిల్లీగ్రాములు, సిట్రిజిన్ 1.2 మిల్లీగ్రాములు. అవును, జలుబుకి వేసుకునే సిట్రిజినే. బావుల్లోనూ కొన్ని మందులు లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటాయి. అంటే 10 నానోగ్రాముల నుంచి 6 మిల్లీగ్రాముల దాకా ఏదైనా ఉండొచ్చు, ఆరు లక్షల రెట్ల తేడా. ఏ ఒక్క క్యాలిబ్రేషన్ గీతా దాన్ని మొయ్యలేదు. పదింతలు, వందింతలు పలచన చేసి కూడా ఇంజెక్ట్ చెయ్యి. పలచన చేసిన కొద్దీ లెక్కగట్టిన గాఢత పెరుగుతుంటే అణచివేత ఉన్నట్టే.

ఒహాయో_గోంగూర

గీత గారి మాటకు అవతలి వైపు కూడా ఒకటి చెప్పాలి. నేను ఇక్కడ ఒక టాక్సికాలజీ ల్యాబ్‌లో యూరిన్ శాంపిళ్లు చేస్తాను. మాకు "దొరికింది" అన్నప్పుడే తలనొప్పి.

ఉద్యోగానికి ముందు డ్రగ్ టెస్టు చేస్తారు కదా. మొదట ఇమ్యునోఎస్సే (యాంటీబాడీలతో చేసే తొలి పరీక్ష), అందులో పాజిటివ్ వస్తేనే మాస్ స్పెక్. ఇమ్యునోఎస్సేకి చుట్టాలందరూ ఒకటే, ఏ మందు ఏదో తేల్చుకోలేదు. మాస్ స్పెక్ తేలుస్తుంది: ఇది మార్ఫిన్, ఇది కోడీన్, ఇంత ఉంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు. మొన్న ఒక మనవాడు ఫోన్ చేసి లబోదిబోమన్నాడు. ముందురోజు గసగసాలు బాగా దట్టించిన కోడి కూర తిన్నాడట. గసగసాల మీద నిజంగానే మార్ఫిన్ ఉంటుంది. మెషీన్ అబద్ధం చెప్పలేదు, మార్ఫిన్ మార్ఫినే. ఎక్కణ్నుంచి వచ్చిందన్నది దానికి తెలియదు. అందుకే అమెరికా ఫెడరల్ పరీక్షల్లో 1998లో హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. 2023లో ఇక్కడి సైన్యం తన వాళ్లను గసగసాలు తినొద్దనే చెప్పింది. హెరాయిన్ అయితే 6-అసిటైల్ మార్ఫిన్ ఉంటుంది, గసగసాలతో అది రాదు. థెబైన్ కనపడితే గింజల వైపు మొగ్గుతుంది. అంటే ఒక్క పీక్ కాదు, దానితో పాటు ఎవరొచ్చారో చూడాలి.

దుబాయ్ వెళ్లేవాళ్లు సూట్‌కేసులో గసగసాల పొట్లం పెట్టకండి, అక్కడ మాస్ స్పెక్ దాకా కూడా పోనివ్వరు. ఇది సబ్జెక్టుకి సంబంధం లేదు, అయినా చెప్తున్నా.

పీక్_కింద_గీత

ఒహాయో గారి మాట వాగుకీ పనికొస్తుంది. సిప్రో దొరికితే అది కంపెనీదే అని వెంటనే రాసెయ్యకు. కోళ్లకు వాడే ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఒంట్లో మారి సిప్రో అవుతుంది. మీ మామయ్య వాళ్ల వైపు కోళ్ల ఫారాలు ఉంటే ఎన్‌రోఫ్లాక్సాసిన్‌కి 360 నుంచి 316 కూడా పెట్టి చూడు. రెండూ కనపడితే ఎరువు దిబ్బల వైపు కూడా చూడాలి. దవాఖానా మురుగులోనూ సిప్రో ఉంటుంది. మురుగు వాగులో కలిసే చోటుకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి శాంపిల్ లేకుండా ఎవరి పేరూ చెప్పలేం.

ఫిల్టర్ మీద మిగిలిన బురద పారేశావా? ఫ్లోరోక్వినలోన్‌లు ఒండ్రుకి గట్టిగా అంటుకుంటాయి. నీళ్లలో లేనిది అడుగున ఉండొచ్చు.

బోరుబావి

నేను మీలెక్క చదువుకున్నోన్ని కాదు, మా పిల్లగాడు చూపిస్తే చదివిన. మాది గా వాగు పక్క ఊరే. మా బోరు నీళ్లు మొన్న ఒక ల్యాబుల ఇచ్చినం. పైసల్ తీస్కొని కాయితం ఇచ్చిండ్రు, "అన్నీ పరిమితి లోపలనే" అని. టీడీఎస్సు, ఫ్లోరైడు, నైట్రేటు అన్నీ రాసిండ్రు. మందుల సంగతి ఏది అంటే "అదీ ఏం లేదు" అన్నడు నోటితోని. గిప్పుడు ఇదంత చదివినంక నాకు డౌటొస్తుంది. గా కాయితం నమ్మాలెనా వద్దా? గవర్నమెంటు పరిమితి ఎంత అసలు?

పీక్_కింద_గీత

అన్నా, ఆ కాగితం అబద్ధం కాదు, కానీ మందుల గురించి అది ఏమీ చెప్పలేదు. టీడీఎస్ మీటరుకి, ఫ్లోరైడ్ పరీక్షకి మందులు కనపడవు. మాస్ స్పెక్‌లో పెడితే తప్ప నానోగ్రాముల్లో ఉన్న మందు తెలియదు. అందులోనూ ముందే పేరు పెట్టి వెతికిన మందే కనపడుతుంది. ట్రిపుల్ క్వాడ్‌కి సిప్రో అని చెప్తే సిప్రోనే చూస్తుంది, పక్కన ఇంకోటి గుట్టగా ఉన్నా పట్టించుకోదు. మీకు నోటితో చెప్పినాయన ఏ మెషీన్‌లో పెట్టాడో అడిగారా?

పరిమితి సంగతి: తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో యాంటీబయాటిక్‌ల పేర్లే లేవు. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో రాసింది. 2021 ఆగస్టులో ఆఖరి నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయమైంది. కాబట్టి "పరిమితి లోపలే" అని మందుల గురించి ఎవరన్నా అంటే, ఏ పరిమితి అని తిరిగి అడగండి. లేని గీతకి లోపల ఏంటి, బయట ఏంటి?

మళ్లీ పరీక్ష చేయిస్తే ల్యాబ్ వాణ్ని ఇవి కాగితం మీద రాసిమ్మనండి: ఏ ఏ మందులు వెతికారు, మీ బోరు నీళ్లలోనే ఎంత తక్కువ దాకా పట్టగలరు, మీ నీళ్లలో కావాలని కలిపినప్పుడు నూటికి ఎంత తిరిగొచ్చింది. మూడోదానికి జవాబు చెప్పలేని ల్యాబ్‌కి డబ్బులివ్వొద్దు. తాగడానికి సంగతి అంటారా, పరీక్ష తేలేదాకా వేరే నీళ్లు దొరికితే అవే తాగండి. మరిగిస్తే పురుగు చస్తుంది గానీ సిప్రో పోదు.

ఇసకవాగు_గట్టు

గీత మేడమ్, మీరు చెప్పినట్టు చేశాను. ఆఖర్న కలిపినదాంట్లో నూటికి 21. ముందే కలిపినదాంట్లో 8. అంటే ఇద్దరు దొంగలూ ఉన్నారు, మెషీన్ దగ్గరివాడే పెద్దవాడు. ఈడీటీఏ వేసి, పీహెచ్ దించి, కార్ట్రిడ్జ్ బాగా కడిగి, ఎక్స్‌ట్రాక్ట్‌ని పదింతలు పలచన చేస్తే మొత్తం మీద 58 దాకా వచ్చింది. పలచన చేసినందుకు ఎల్‌ఓక్యూ మళ్లీ పైకి పోయింది, అది వేరే బాధ. డీ8 మా డిపార్ట్‌మెంట్‌లో లేదు, ధర చూసి సార్ ఫైల్ మూసేశారు.

సార్ ఇప్పటికీ మొదటి శాంపిల్‌కి ఎన్‌డీ అనే రాయమంటున్నారు. టేబుల్‌లో ఏం పెట్టాలి?

పీక్_కింద_గీత

మీ సార్‌తో వాదించకు, టేబుల్‌తో వాదించు. ఎన్‌డీ అన్న గడిలో "లీటరుకు 125 నానోగ్రాముల కంటే తక్కువ" అని రాయి, పక్కనే ఒక గడి పెట్టి స్పైక్ రికవరీ నూటికి 8 అని రాయి. కింద, 64 హద్దుతో పోల్చడానికి ఈ ఫలితం చాలదు అని ఒక్క వాక్యం. వైవాలో బయటినుంచి వచ్చినాయన ఆ గడి చూసి మీ సార్‌నే అడుగుతాడు, నిన్ను కాదు. మొదటి శాంపిల్ పారదర్శకపు సీసాలో వచ్చిందన్న సంగతి కూడా దాచకు.

పదింతలు పలచన చేశాక 58 వచ్చిందంటే ఇంకా దారి ఉంది. కాలమ్ మీద సిప్రో ఎన్నో నిమిషంలో వస్తోంది? రెండు నిమిషాల్లోపే అయితే ఉప్పులన్నీ వచ్చే వేళకే వస్తున్నట్టు. గ్రేడియంట్ నెమ్మది చేసి వెనక్కి జరుపు, మొదటి రెండు నిమిషాలు వాల్వ్ తిప్పి వేస్ట్‌లోకి పంపు. అప్పుడు మూడింతలో నాలుగింతలో పలచన చేస్తే సరిపోవచ్చు. డీ8 లేకపోతే స్టాండర్డ్ అడిషన్ చెయ్యి: ఒకే శాంపిల్‌ని నాలుగు ముక్కలు చేసి, ఒకటి అలాగే వదిలి, మూడింటిలో పెంచుకుంటూ సిప్రో కలుపు. శ్రమ ఎక్కువ, కానీ నీ వాగే నీ క్యాలిబ్రేషన్ అవుతుంది.

ఆర్‌స్క్వేర్_రాజా

డీ8 నా దగ్గర ఒక వయల్‌లో కొంచెం మిగిలింది, నా సొంతానికి కొన్నదే, ల్యాబ్‌ది కాదు. నీ ప్రాజెక్టుకి సరిపోతుంది. హబ్సిగూడ వైపు వస్తే మెసేజ్ పెట్టమ్మా. ఐస్ బాక్స్ నువ్వే తెచ్చుకో. ఇంటర్నల్ స్టాండర్డ్ ఏరియాలు కూడా ఇక్కడ పెట్టు, గీత గారు అన్నది నిజమో కాదో నాకూ చూడాలనుంది.